లోతుపేటలో పీచు కరువు

రోజు 402

పైనున్న ఆఫీసువాళ్ళు ఈ చిట్టాలో రోజుకు మూడు సంగతులు రాయమన్నారు. మురుగు పంపుల ఒత్తిడి ఎంత, జల్లెడ ఎన్నిసార్లు కడిగాను, ఎంత నీరు శుద్ధయింది. మూడూ కలిపి ఒక్క వరసలో అయిపోతాయి. మిగతా పేజీ తెల్లగా కనబడితే నా చెయ్యి ఊరుకోదు. ఇది ఎవరూ చదవరని తెలుసు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

పొరపాటున ఎవరైనా చదివితే, నా పేరు సూరాడ ఎల్లాజీ. వయసు డెబ్బై ఒకటి. లోతుపేట మురుగు యంత్రానికి కాపలాదారుని. లోతుపేట అంటే నూట అరవై మీటర్ల లోతున, సముద్రం అడుగున ఆరు ఇనప గొట్టాలు పక్కపక్కన అతికించి కట్టిన ఊరు. నూట నలభై మందిమి. మా నెత్తిమీద అలల్లో తేలే గాలిమరలున్నాయి. వాటిని కట్టేసిన గొలుసులకు వెల్డింగు చెయ్యడం మావాళ్ళ పని. పీల్చేది హీలియం కలిపిన గాలి. దీపం వెలగదు, పప్పు పొంగదు, మనిషి గొంతు బాతు గొంతవుతుంది. ఒకప్పుడు నేను రేవులో కేకేస్తే మూడో పడవదాకా వినపడేది. ఇప్పుడు నేనేదైనా గంభీరంగా చెప్పబోతే బాతుపిల్ల ఉపన్యాసం ఇస్తున్నట్టుంటుందని నూకరత్నం అంటుంది.

ఇవాళ జల్లెడ కడగలేదు. ఇది మామూలు వాక్యం కాదు. మూడు నెలల కిందటిదాకా రెండ్రోజులకోసారి జల్లెడ పూడుకుపోయేది. తోటకూర కాడల నారలు, ఆనపకాయ తొక్కలు, చిక్కుడు ఈనెలు నూట నలభై మంది పేగుల్లోంచి ప్రయాణం చేసి కూడా చెక్కుచెదరకుండా వచ్చి నా జల్లెడకు చుట్టుకునేవి. మోచేతులదాకా చేతులు పెట్టి పీకేవాణ్ణి. ఒకరోజు అలా పీకుతుండగా నాకు జ్ఞానోదయమైంది. ఈ చెత్తను ఇక్కడ పీకడమెందుకు, వంటగదిలోనే తీసేయిస్తే పోలా?

వంట సన్నిబాబుకు నచ్చజెప్పాను. తొక్క చెక్కి, ఈనె తీసి, మెత్తగా రుబ్బి, గుడ్డలో వడకట్టి వండమన్నాను. బియ్యం తెల్లగా పాలిష్ పట్టమన్నాను. అన్నీ పట్టులా తయారయ్యాయి. సగం పళ్ళు ఊడిన నాకూ, పళ్ళున్న కుర్రాళ్ళకూ ఒకేలా దిగిపోతున్నాయి. ఈ పథకానికి ఇవాళ ఊరంతా కూడి నాకు శాలువా కప్పారు. హీలియం ఒంట్లో వేడినంతా లాగేస్తుంది కాబట్టి సన్మానపు శాలువా నిజంగా పనికొచ్చే చోటు ప్రపంచంలో ఇదొక్కటే.

ప్రసంగించడానికి లేచాను. ముందు వరసలోంచి నూకరత్నం చెయ్యెత్తి గడియారం చూపించింది.

"బాబాయ్, పది నిమిషాలు. ఆ పైన ఎవులూ బాధ్యులు కారు."

నూకరత్నం మా వెల్డర్లందరిలో ఆరితేరిన చెయ్యి. వాళ్ళ నాన్నా నేనూ ఒకే మరపడవలో ఇరవై ఏళ్ళు వల లాగాం. ఆయన పోయాక నా కబుర్లు వినే బాధ్యత ఆ పిల్లకు వారసత్వంగా వచ్చింది. పిల్లంటున్నాను గానీ ముప్ఫై ఎనిమిదేళ్ళు.

నలభై నిమిషాలు మాట్లాడాను.

రోజు 409

పంపులు బాగున్నాయి. ఇక్కడినుంచి చదవొద్దు.

నా చదువు ఐదో తరగతి. మిగిలినదంతా ఓడల మీద దొరికిన పుస్తకాలు. ఒక విజ్ఞాన సర్వస్వం పదహారు సంపుటాల్లో పదిహేను చదివాను. ఏడోది దొరకలేదు. నేను తప్పు మాట్లాడినప్పుడల్లా ఆ విషయం ఏడో సంపుటంలో ఉండి ఉంటుందని సరిపెట్టుకుంటాను. పీచు కూడా అందులోనే ఉన్నట్టుంది.

ఎందుకంటే నా పథకం మొదలైన పదో రోజుకే నాకు కడుపు బిగిసిపోయింది. ఏం చెయ్యను? తీయించిన తొక్కలన్నీ, కూరలు పెంచే తోటగదికి ఎరువు చేయడానికి నా గదికే వస్తాయి. ఒకరోజు బీరపొట్టు కొంచెం పక్కకు తీసి, కరెంటు పళ్ళెం మీద వేయించి, పచ్చడి నూరుకున్నాను. అమృతం. మర్నాడు అరటి బోదె లోపలి దూట. ఆ మర్నాడు తోటకూర కాడల పులుసు. ఇప్పుడు ఉలవల పొట్టు కూడా వదలడం లేదు. మూలన ఒక కుండలో తరవాణి పెట్టాను. గంజిలో నీళ్ళు పోసి పులవనిచ్చి, రోజూ కాస్త వాడుకుంటూ మళ్ళీ గంజి పోస్తూ ఉండాలి. వాసనొచ్చే వంటలు లోతుపేటలో నిషేధం. కానీ మురుగు గదిలో ఏ వాసన ఎక్కడిదో తేల్చేదెవరు?

ఊరికి పట్టు, నాకు పీచు. దీన్ని మోసం అంటారని తెలుసు. నేను మాత్రం ప్రయోగం అని రాసుకుంటున్నాను.

రోజు 431

ఊళ్ళో ఎవరికీ మనసు బాగోలేదు. భోజనాల దగ్గర మాటామాటా పెరుగుతోంది. మోకాళ్ళు పట్టేశాయనీ, కడుపుబ్బరమనీ, ఎంత పడుకున్నా నీరసం తీరడం లేదనీ డాక్టరమ్మ గది ముందు వరస. సముద్రపు ఒత్తిడి వల్ల అని కొందరు, హీలియం పాతబడిందని కొందరు. నేనైతే యువతరానికి ఓర్పు తగ్గిందని తేల్చాను. నాకు మోకాళ్ళు బాగున్నాయి, కడుపు గడియారంలా నడుస్తోంది. నా క్రమశిక్షణే దీనికి కారణమని ఇద్దరు ముగ్గురికి విడివిడిగా చెప్పాను కూడా.

నూకరత్నం నాలుగు రోజులుగా గొలుసు పనికి పోవడం లేదు. ఏమని అడిగితే "ఏటీ లేదు బాబాయ్, కొద్దిగా నొప్పి" అంది. నా కబుర్లకు గడియారం చూడలేదు. అది నాకు నచ్చలేదు.

రోజు 440

నూకరత్నానికి విరేచనంలో రక్తం పడుతోంది. పది రోజులుగా పడుతోందట, ఎవరికీ చెప్పలేదట.

డాక్టర్ మెహరున్నీసా నన్ను పిలిపించింది. ఆమెది కర్నూలు. నవ్వితే బాగుంటుంది గానీ ఎప్పుడోగానీ నవ్వదు.

"పెద్దాయనా, మలంలో ఏమేముందో మీ యంత్రం లెక్కలు కడుతుంది కదా. పీచు ఎంత వస్తోంది?"

"లెక్కలేంటి డాక్టరమ్మా, గీతలు గీసి గోడకు అంటించాను. నూట ముప్ఫై ఎనిమిది రోజుల నుంచీ దాదాపు సున్నా. దానికే నాకు శాలువా కప్పింది."

ఆమె కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నన్ను చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఒకసారి మా పడవ ఇంజను చప్పుడు చేస్తోందని నేను ఏదో బిరడా బిగించాను. చప్పుడు ఆగిపోయింది. ఇంజను కూడా ఆగిపోయింది. అప్పుడు నూకరత్నం వాళ్ళ నాన్న ఇలాగే చూశాడు.

"మన పేగు లోపలి గోడకు ఒక జిగురు పొర ఉంటుంది" అంది. "ఆ పొరకు ఇవతల కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయి. వాటిలో మంచివాటి తిండి ఏమిటో తెలుసా? మనకు అరగని పీచు. దాన్ని పులియబెట్టి ఒక రకం ఆమ్లం వదుల్తాయి. పేగు గోడకు ఆ ఆమ్లమే బలం."

"పీచు లేకపోతే?"

"ఆకలేస్తే మీరేం చేస్తారు?"

"వంటగదిలో ఏముంటే అది తింటాను."

"అవీ అంతే. ఆ జిగురు పొరనే తినడం మొదలెడతాయి. పొర పలచబడితే చెడ్డవి గోడదాకా వచ్చేస్తాయి. వాటి ఒంటి పెంకుముక్క ఒక్కటి తగిలినా మన రక్షక కణాలు శత్రువొచ్చాడని మంట పెట్టేస్తాయి. వాపు, పుండు, రక్తం. ఆ ముక్కలు రక్తంలోకి కారితే కీళ్ళనొప్పులు, నీరసం, చిరాకు. పైగా ఆ మంటలో చచ్చేవి మంచివి. చెడ్డవి అందులోనే ఇంకా పెరుగుతాయి."

"అంటే నేను కాపలా కుక్కలకు కూడు మానిపించి, అవి తలుపు కొరికేశాక దొంగలొచ్చారని ఆశ్చర్యపోతున్నాను."

"నేనంత కఠినంగా చెప్పదలుచుకోలేదు."

"మరి అందరికీ లేని రక్తం రత్నానికే ఎందుకు?"

"కొందరి ఒంటికి కోపం ఎక్కువ. వాళ్ళ అమ్మకీ పేగు జబ్బు ఉండేదట."

సన్నిబాబును పిలిచి ఇకమీదట వడకట్టొద్దని చెప్పింది. అయితే ఒక్కసారిగా కాదు, ఇన్నాళ్ళు పస్తున్న పేగులు తట్టుకోలేవు. ముందు కాస్త ఓట్స్, మెత్తగా ఉడికిన కూర, తర్వాత పప్పు పొట్టు, ఆ తర్వాతే కాడలు. నూకరత్నానికి మాత్రం వాపు దిగేదాకా గంజే. వాపు తగ్గించే మందు మొదలెట్టింది. సూక్ష్మజీవుల్ని చంపే మందు ఇవ్వవా అని అడిగితే, అది మంచిదీ చెడ్డదీ చూడకుండా చంపుతుంది, అవసరం పడితే తప్ప ఇవ్వనంది.

రోజు 443

మందు పూర్తిగా పనిచేయడం లేదు. పైన తుఫాను. మనుషుల్నీ సామాన్నీ పైకీ కిందికీ చేర్చే డబ్బా మూడు వారాలదాకా దిగదు.

దిగినా లాభం లేదని డాక్టరమ్మ అంది. ఇక్కడి ఒత్తిడినుంచి పైకి వెళ్ళడానికి ఏడు రోజులు పడుతుంది. వెళ్ళేకొద్దీ ఒంట్లో గాలి ఉబ్బుతుంది. ఇక్కడ ఉసిరికాయంత బుడగ పైన పదిహేడు ఉసిరికాయలంత అవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పేగైతే బయటికి తోసేస్తుంది. వాచి ఇరుకైన పేగులో ఆ గాలి చిక్కుకుంటే పగిలిపోతుంది. ఇక్కడే ఉంచితే పుండు చిల్లుపడొచ్చు. కోసి కుట్టే డాక్టరు ఇక్కడ లేడు.

కాబట్టి వాపు ఇక్కడే దిగాలి. మరో దారి లేదు.

ఒత్తిడి బాగుంది. పంపుల సంగతి.

రోజు 446

ఇవాళ నేను చేసిన పని గొప్పదనుకుని రాస్తున్నాను. పీచు లేక వచ్చిన జబ్బుకు మందు పీచే కదా. డాక్టర్లు మరీ భయస్తులు. నెమ్మదిగా అన్నారంటే అది మామూలు మనుషులకు. బీరపొట్టు పచ్చడి, అరటి దూట కూర, గ్లాసుడు తరవాణి టిఫిను డబ్బాలో పెట్టుకుని నూకరత్నం దగ్గరికి వెళ్ళాను.

మూత తియ్యగానే కళ్ళు పెద్దవి చేసింది.

"ఓలమ్మ, దూట! ఎక్కడిది బాబాయ్?"

"ఎక్కడిదైతే నీకెందుకు, తిను. నిన్ను బాగుచెయ్యడానికే."

"గంజి తాగి తాగి నాలిక చచ్చిపోనాది." అంతా తినేసింది. పచ్చడి గిన్నె వేలితో తుడిచి నాకింది. అలా తింటుంటే చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఆ ఊపులో పడవ ఇంజను కథ మొదలుపెట్టాను. పది నిమిషాలు కాగానే నిద్రపోయింది.

రోజు 447

కడుపు డప్పులా ఉబ్బింది. గాలి కదలడం లేదు. వాంతులు. నూకరత్నం పళ్ళు కరచుకుని పడుకుంది.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "వాంతిలో నారలున్నాయి. ఎవరు పెట్టారు?"

అబద్ధాలు చెప్పడంలో నాకు యాభై ఏళ్ళ అనుభవం ఉంది. సొరచేపల మీద, తుఫానుల మీద చెప్పాను. ఒక్కటీ తోచలేదు.

"నేనే. అరటి దూట."

"ఇరుకైన పేగులోకి దూటా! నారంతా చుట్టుకుని అక్కడే ఇరుక్కుంది. నెమ్మదిగా అన్నది మీరు వినలేదా?"

"విన్నాను. నమ్మలేదు."

ముక్కులోంచి గొట్టం వేసి కడుపులోది బయటికి తీసింది. సూదిమందు ఇచ్చింది. రెండు గంటలు నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎవరూ కూర్చోమనలేదు. అడిగే ముఖం నాకు లేదు.

కాస్త గాలి కదిలిందని చెప్పాక డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ అడిగింది. "ఆ దూట ఎక్కడిది?"

చెప్పేశాను. తొక్కలు, పొట్టు, కాడలు, తరవాణి కుండ, అన్నీ. పథకం పదోరోజునుంచీ అని కూడా చెప్పాను. ఆమె తిడుతుందని ఎదురుచూశాను. చేతుల మీద నీళ్ళు అలాగే కారుతుండగా నిలబడిపోయింది.

"నాలుగు నెలలుగా మీరు రోజూ ఇవి తింటున్నారా?"

"రోజూ."

"మీకు విరేచనం ఎలా అవుతోంది?"

"డాక్టరమ్మా, పెద్దవాణ్ణి..."

"చెప్పండి."

"గడియారం పెట్టుకోవచ్చు."

బీరువాలోంచి మూతున్న డబ్బా ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

రోజు 449

ఫలితం వచ్చింది. డాక్టరమ్మ తెరమీద చూపించింది. ఊళ్ళో వాళ్ళందరి పేగులూ ఎండిన చెరువుల్లా ఉన్నాయి. నాలుగైదు రకాల జీవులే మిగిలాయి, వాటిలో మంట పెట్టేవే ఎక్కువ. నాదేమో ఆదివారం సంత. వందల రకాలు. పీచు తినేవి, ఆమ్లం వదిలేవి, ఆమె పేర్లు చదువుతుంటే నా బంధువుల్ని పిలుస్తున్నట్టనిపించింది.

"ఇవి నూకరత్నం పేగులోకి చేర్చాలి" అంది. "ఆరోగ్యవంతుడి మలాన్ని పరీక్షించి, వడకట్టి, గొట్టంతో లోపలికి పంపిస్తాం. మంచివి స్థిరపడితే చెడ్డవాటికి చోటుండదు. గ్యారంటీ లేదు. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు. మామూలుగా మీ వయసువాళ్ళను దాతగా తీసుకోను. పైనుంచి తెప్పించే వీలుంటే మిమ్మల్ని గుమ్మం కూడా ఎక్కనివ్వను."

"వడకట్టక తప్పదన్నమాట" అన్నాను.

నవ్వలేదు.

నా రక్తంలో అంటుజబ్బులేమీ లేవని తేలింది. డెబ్బై ఏళ్ళుగా నాలో ఉన్నది నలుగురికీ పంచాలని తాపత్రయపడ్డాను. చెవిలోంచి ఎక్కించబోతే ఎవరూ పుచ్చుకోలేదు. దారి తప్పు ఎంచుకున్నానని ఇప్పుడు తెలిసింది.

రోజు 450

నూకరత్నం ఒప్పుకోవాలి. సగానికి సగం చిక్కిపోయింది. డాక్టరమ్మ మెల్లగా వివరించింది. అంతా విని, "ఎవులిది?" అని అడిగింది.

"దాత పేరు చెప్పకూడదమ్మా. నియమం."

నూకరత్నం చూపు గది చుట్టూ తిరిగింది. గదిలో డాక్టరమ్మ, నేను. నేను తల వంచుకుని ఉన్నాను. నేను తల వంచుకోవడం ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు.

"ఓలమ్మో! ఈ ముసిలోడిదా?"

డాక్టరమ్మ కాగితాలు సర్దుకోసాగింది.

"ఇరవయ్యేళ్ళ బట్టి నీ కతలు ఎక్కించుకున్నాను బాబాయ్. ఇప్పుడిది కూడానా?" ఊపిరి కూడదీసుకుంది. "డాకటరమ్మా, కతలు కూడా దాంతోపాటు వచ్చీవు గదా?"

"పరిశోధనల్లో అలాంటిది కనబడలేదు" అంది డాక్టరమ్మ.

నేను మంచం దగ్గరికి వెళ్ళాను. "రత్నం, తప్పంతా నాదే. పథకం నాది. తొక్కలు తిన్నది నేను. దూట పెట్టింది నేను."

"తెలుసు. డాకటరమ్మ సెప్పీసినాది." కళ్ళు మూసుకుంది. "నా పేణం నీ సేతిలో లేదు, అదే నయం. సేతిలో ఉంటే పాడుసేద్దువు. కడుపులో ఉందంటే పర్లేదు, నీ కడుపులో కుట్ర లేదు. కానియ్యండి."

సాయంత్రం భోజనాల గదిలో అందరినీ కూర్చోబెట్టి నోరు విప్పాను. ఈసారి పది నిమిషాలు కూడా పట్టలేదు. సన్నిబాబు గరిటె పుచ్చుకుని లేచాడు.

"నాలుగు నెలలు నాసేత గుడ్డతో వడకట్టించి, గుడ్డలో మిగిలింది నువ్వు మెక్కీసినావా? ఒరే, నా వంట తినకుండా బతికినోడివి నువ్వొక్కడివేనా?"

గొలుసు పనివాళ్ళలో ఒకడు నన్ను డబ్బాలో పడేసి పైకి పంపెయ్యమన్నాడు. ఇంకొకడు మోకాళ్ళు చూపించి, ఇవి చూడు ముసలోడా అన్నాడు. చూశాను. ఎర్రగా వాచి ఉన్నాయి. సన్మానం రోజు వాడే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

అనుకున్నవన్నీ అననిచ్చాను. సమాధానాలు తోచాయి, మంచివి కూడా. ఒక్కటీ చెప్పలేదు.

రోజు 453

మొదటి విడత ఎక్కించారు. నా భోజనం ఇప్పుడు డాక్టరమ్మ చేతిలో. ఉలవలు, కాడలు, తరవాణి, రోజుకు నలభై రకాల ప్రశ్నలు. దగ్గితే పరీక్ష, తుమ్మితే పరీక్ష. ఉదయం డబ్బా అప్పగించడానికి వెళ్తుంటే సన్నిబాబు ఎదురై, "ఏటి, ప్రసాదం పట్టుకెళ్తున్నావా" అన్నాడు. కోపం తగ్గినట్టుంది. తిట్లలో రుచి వచ్చింది.

సన్నిబాబు వంటలో పొట్టు మొదలైంది. తోటగదిలో ఇప్పుడు తొక్కలకు గిరాకీ. బీరపొట్టు పచ్చడి ఎలా నూరాలో వాడికి నేర్పబోయాను. "నువ్వు గుమ్మం అవతల నిలబడి సెప్పు" అన్నాడు.

రోజు 458

ఇంకా రక్తం పడుతోంది. మూడు విడతలయ్యాయి. నాకు తిండి సహించడం లేదు. డాక్టరమ్మ కోప్పడింది. "మీరు తినకపోతే వాటికి తిండి ఎక్కడిది? బాధపడాలంటే తిని బాధపడండి." తిన్నాను. కన్నీళ్ళతో ఉలవలు తినడం తేలిక కాదు, గొంతుకు అడ్డం పడతాయి.

రోజు 463

రక్తం తగ్గింది.

ఈ రెండు మాటల తర్వాత నాకు ఇంకేమీ రాయాలనిపించలేదు. పంపుల ఒత్తిడి చూడడం మర్చిపోయాను. రేపు రాస్తాను.

రోజు 468

రక్తం ఆగి మూడు రోజులైంది. జ్వరం లేదు. మంట తాలూకు లెక్క సగానికి సగం దిగిందని డాక్టరమ్మ అంది. తెరమీద నూకరత్నం సంత మొదలైంది. దుకాణాలు ఇంకా తక్కువే గానీ, జనం వస్తున్నారు. మెత్తటి అన్నం, పొట్టుతీయని పెసరపప్పు పెట్టారు. వాటితో పాటు రెండు చెంచాల తరవాణి. ఈసారి నేను పెట్టలేదు, దూరంగా నిలబడి చూశాను.

అయితే ఒక చిక్కు. పుండు మానినచోట మచ్చకట్టి పేగు ఇరుగ్గా ఉంది. పైన పెద్దాసుపత్రిలో చూపించి వెడల్పు చేయించాలి. వాయిదా వేస్తే మళ్ళీ పూడుకుపోవచ్చు. తుఫాను దాటింది. డబ్బా ఎల్లుండి దిగుతుంది.

"గాలి సంగతో?" అన్నాను.

"వాపు దిగింది కాబట్టి పంపించగలుగుతున్నాం. ఇరుకు దగ్గర చిక్కుకోకుండా బయటికి పోతే బతుకుతుంది. అన్నిటికంటే ఆఖరి రోజు కష్టం. చివరి పది మీటర్లలోనే గాలి రెట్టింపవుతుంది."

"పోకపోతే?"

డాక్టరమ్మ నూకరత్నం మందులన్నీ ఒక సంచీలో సర్దడం మొదలెట్టింది. అడిగినదాన్ని దాటెయ్యడం ఆమెకు అలవాటు లేదు.

రోజు 470

నూకరత్నం డబ్బా ఎక్కింది. తలుపు మూసే ముందు నన్ను పిలిచింది. నాలుగు మంచి మాటలు అంటుందని తయారుగా వెళ్ళాను.

"బాబాయ్, నీ పేగు నాలో ఉన్నాదని పైన ఎవులికీ సెప్పకు. నాకు ఇంకా పెళ్ళి సంబంధాలొస్తన్నాయి."

తలుపు మూశారు. పైన ఓడలో ఉన్న గదిలోనే ఏడు రోజులుండి, నూట అరవై మీటర్ల ఒత్తిడిని మీటరు మీటరుగా సున్నాకు తగ్గించుకోవాలి. టెలిఫోను తీగ ఉంది. మూడుపూటలా డాక్టరమ్మ మాట్లాడుతుంది. నేను పక్కన నిలబడొచ్చు గానీ మాట్లాడకూడదు. ఇది ఆమె పెట్టిన షరతు.

రోజు 477

ఇవాళ ఏడో రోజు. భోజనాల గదిలో స్పీకరు పెట్టారు. పని మీద బయటికి వెళ్ళినవాళ్ళు తప్ప ఊరంతా వచ్చింది. సన్నిబాబు పొయ్యి కట్టేసి వచ్చాడు. అందరూ కూర్చున్నారు. నేను కూర్చోలేక గోడకు ఆనుకున్నాను.

పొద్దున్న ఇరవై మీటర్ల దగ్గర కడుపు బిగిసిందని చెప్పింది. మధ్యాహ్నం పది దగ్గర నొప్పిగా ఉందంది, మాట పొడిగా ఉంది. ఆ తర్వాత పైనున్న నర్సు మాత్రమే మాట్లాడింది. అయిదు. మూడు. గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. డాక్టరమ్మ చేతిలో కాగితం ఉంది, దాని మీద ఏమీ రాయడం లేదు. గొలుసు పనివాడొకడు మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

పైన తలుపు తెరిచిన చప్పుడు వినబడింది.

"నూకరత్నం" అంది డాక్టరమ్మ. "వినబడుతోందా?"

"ఉన్నాను."

"ఎలా ఉంది?"

"నొప్పి ఉన్నాది."

డాక్టరమ్మ తరవాత ఏమడగాలో వెతుక్కుంటోంది. అది ఆమె వృత్తి, మర్యాదగా అడగాలి. నాకు మర్యాద ఎప్పుడూ పట్టలేదు. షరతు మర్చిపోయి స్పీకరు మీద పడ్డాను.

"రత్నం! గాలి పోయిందా?"

ఊరు ఊరంతా స్పీకరు వైపు వంగింది.

"ఓరి నీ అమ్మ కడుపు మాడ! పదిమందిలో అడిగీ మాటేనా అది? ఈ ఓడలో మగోళ్ళున్నారు బాబాయ్, నర్సున్నాది, కెప్టెనున్నాడు..."

"పోయిందా లేదా చెప్పు!"

ఈసారి గొంతు తగ్గించి, ఫోనుకు దగ్గరగా వచ్చి చెప్పింది. తగ్గించినా గదిలో ఉన్న అందరికీ వినబడింది.

"పోయింది. రెండుసార్లు."

డాక్టరమ్మ ముందు కాగితం మీద సమయం రాసింది. రాశాక నవ్వింది.